అరిగిన మడమ

నార్తాంప్టన్‌లో మా వీధికి
వాన కంటే ముందు తోలు వాసన వచ్చేది.
మా నాన్న ఈనక్ టెబ్బట్ బూట్లు కుట్టేవాడు.
అక్షరమ్ముక్క రాదు గానీ
మడమ తిరగేసి మనిషిని చదివేవాడు.

"ఇతనికి అప్పుంది.
ఎదురు ఎవరొచ్చినా పక్కకి తప్పుకుంటాడు,
చూడు, బయటి అంచే అరిగింది."
నేను నవ్వేదాన్ని.
సాయంత్రం ఆ మనిషే వచ్చి
డబ్బులు వచ్చేవారం ఇస్తానని
గోడవారగా నడిచి వెళ్ళిపోయేవాడు.

నెలకోసారి లండన్ రైల్లో పత్రిక దిగేది.
ఆరు పెన్నీలు. ఆ ఆదివారం మాకు మాంసం ఉండదు.
లాంతరు కింద నేను చదువుతుంటే,
అప్పుడు నాకు పదకొండేళ్ళు,
నాన్న పెదాల మధ్య మేకులు పట్టుకుని వినేవాడు.
పక్క కొట్టు సైలస్ మామ
తన స్టూలు తనే మోసుకొచ్చేవాడు.

ఆ కథల్లో ఆయన
ఇల్లూ సంసారం పట్టని మనిషి.
పొగమంచులోంచి గుర్రబ్బండి దిగి
ఎవరూ చూడని చోట చూసేవాడు.
కిటికీ గట్టున కొవ్వొత్తి చుక్క.
వితంతువు చేతి తొడుగులో
వేరే రంగు దారంతో వేసిన కుట్టు.
పోలీసులు తలుపులు బద్దలు కొడుతుంటే
ఈయన మోకాళ్ళ మీద వంగి
తివాచీతో మాట్లాడుతున్నట్టుండేవాడు.

చివరి పేజీ తిప్పబోతే నాన్న చెయ్యెత్తేవాడు.
"ఆగు."
మేకులు ఒక్కొక్కటే తీసి
అరచేతిలో పేర్చుకుని,
బాగా ఆలోచించి,
"తోటమాలి" అనేవాడు.
ఎప్పుడూ తప్పే.
డాక్టరో, తమ్ముడో, ఆ తెల్ల గడ్డం పెద్దమనిషో అయ్యేవాడు.
సైలస్ మామ తొడలు చరుచుకుని నవ్వితే
"బూట్ల సంగతి సరిగ్గా రాయలేదు వాడు"
అని మళ్ళీ సుత్తి అందుకునేవాడు.

దానికి రెండేళ్ళ ముందు
ఒక తెల్లవారుజామున అమ్మ పక్క ఖాళీగా ఉంది.
పెరటి బురదలో అడుగులు.
నాన్న వాటి పక్కన గొంతుక్కూర్చున్నాడు.
గేటు దాకా వెళ్ళాయి.
వెనక్కొచ్చాయి.
నా కిటికీ కింద మడమలు లోతుగా దిగాయి,
చాలాసేపు నిలబడ్డట్టు.
మళ్ళీ గేటు.
గేటు అవతల ఇంకో జత.
ఆ జత ఎవరిదో నాన్నకు తెలుసు.
తనే కుట్టాడు.

లేచి, పొయ్యిలో బూడిద తట్టతో తెచ్చి
పెరడంతా చల్లాడు.
"ఎవరి అడుగులు నాన్నా?"
"వానవి."

ఇప్పుడు వీధిలో కరెంటు దీపాలు.
బూట్లు మిషన్లు కుడతాయి.
ఫ్యాక్టరీలో నా పక్క బల్ల ఐవీ లోస్బీ
సగం తిన్న రొట్టె చూపిస్తూ అడుగుతుంది,
"డోర్కాస్ అత్తా, దొంగెవరో తెలిశాక
మళ్ళీ ఆ కథ ఎందుకు?"

దొంగ కోసం కాదే పిల్లా.
ఎవరో ఒకామె తడిసిన టోపీతో గడపలో నిలబడుతుంది చూడు,
ఇంకా నోరు విప్పలేదు,
ఆయన ఒకసారి అలా చూసి
"చాలా దూరం నుంచి వచ్చారు.
రాత్రంతా నిద్రపోలేదు.
మంట దగ్గరికి జరగండి" అంటాడే,
అక్కడి కోసం.
నేనింకా ఆ గడపలోనే ఉన్నాను.

ఇది ఐవీతో అనలేదు.
రొట్టె తినమన్నాను.

నాన్న పోయాక పనిబల్ల కింద
ఆడవాళ్ళ బూట్లు ఒక జత దొరికాయి.
కొత్త అడుగు వేసి, మెరుగుపెట్టి,
లేసులు ఎక్కించకుండా.
నేను కూపీ లాగలేదు.
ఎక్కడివి అక్కడే పెట్టేశాను.

రాత్రి దీపం దగ్గర చివరి పేజీ వస్తుంది.
ఆగుతాను.
ముప్పైసార్లు చదివిన కథే,
తమ్ముడని తెలుసు, విషం సీసా ఎక్కడుందో తెలుసు.
అయినా వేలు పేజీ మధ్య పెట్టుకుని
బాగా ఆలోచించి
తోటమాలే అంటాను.